స్టార్చ్‌తో బురదనీటిని తేర్చడం: ఆరు బ్యాచ్‌ల డైరీ

పింగాణీ పాత్రలు చేసే మిత్రుడి షెడ్డులో రోజూ తొట్టెడు తెల్లటి మట్టినీళ్లు మిగులుతాయి. వాటిని తేర్చాలి, అడుగున దిగిన మట్టిని మళ్లీ వాడాలి. పటిక వేస్తే తేరుతుందని అందరికీ తెలుసు. కానీ పటికతో పాటు అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురు కూడా మట్టిలో చేరుతుంది, అది అతనికి వద్దు. పాలీఅక్రిలమైడ్ బాగా పనిచేస్తుందిగానీ, అందులో కొద్దిగానైనా మిగిలే అక్రిలమైడ్ నరాలకు విషం. రోజంతా చేతులతో మట్టి పిసికేవాళ్ల దగ్గర అదెందుకని వదిలేశాం. అలా మిగిలింది స్టార్చ్.

నేను పనిచేసే ల్యాబ్‌లో సాయంత్రాలు చేసిన పని ఇది. ఆరు బ్యాచ్‌లలో మూడు చెత్తబుట్టకు పోయాయి. ఎందుకు పోయాయో రాస్తే మీ మూడు మిగులుతాయి.

ముందు ఒక హెచ్చరిక. స్టార్చ్‌కు ధనావేశం అంటించే రసాయనం పూర్తి పేరు 3-క్లోరో-2-హైడ్రాక్సీప్రొపైల్ ట్రైమిథైల్ అమోనియం క్లోరైడ్. ఇకపై దీన్ని క్వాట్ అంటాను. క్షారం తగలగానే ఇది ఎపాక్సైడ్‌గా మారుతుంది. ఆ ఎపాక్సైడ్ చర్మానికి పడదు, క్యాన్సర్ తెప్పించవచ్చన్న అనుమానం ఉన్న పదార్థం కూడా. ఫ్యూమ్ హుడ్, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు లేకపోతే దశ 2 చదివి ఊరుకోండి. తయారైన స్టార్చ్‌ను తాగేనీళ్లకు వాడొద్దు.

పరికరాలు

టర్బిడిటీ మీటరు (నీళ్ల మసకను ఎన్.టీ.యూ. అనే ప్రమాణంలో కొలుస్తుంది, అంకె తగ్గితే నీళ్లు తేరినట్టు; 1000 వరకు చూపిస్తుంది), పీహెచ్ మీటరు, 0.01 గ్రా. త్రాసు, పైనుంచి తిప్పే స్టిర్రర్, వాటర్ బాత్, బ్యూరెట్, ఆరు 500 మి.లీ. బీకర్లు. జార్ టెస్ట్ అంటే వరుస బీకర్లలో వేర్వేరు మోతాదులు వేసి, అన్నిటినీ ఒకేలా తిప్పి పోల్చడం. దాని యంత్రం నా దగ్గర లేదు. ఒకే మోటారుకు బెల్టు వేసి ఆరు తెడ్లను తిప్పే చెక్క ఫ్రేమ్ కట్టుకున్నాను. వేగం చూడటానికి షాఫ్టుకు తెల్ల చుక్క పెట్టి, తక్కువ వేగంలో చుట్లు లెక్కబెట్టాను.

దశ 1: మామూలు స్టార్చ్, తప్పుడు బ్లాంక్

మొదట షెడ్డు నీళ్ల జోలికి పోలేదు. ప్రతిసారీ ఒకేలా ఉండే నీళ్లు కావాలి కాబట్టి కేయోలిన్ మట్టిని లీటరుకు 250 మి.గ్రా. చొప్పున కలిపి, రాత్రంతా నాననిచ్చి వాడాను. మీటరు 230 ఎన్.టీ.యూ. చూపించింది.

ఈ మట్టి దానంతటదే ఎందుకు దిగదో ఒక చిన్న లెక్క చెబుతుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం 1 మైక్రాన్ మట్టిరేణువు 10 సెం.మీ. దిగడానికి సుమారు 32 గంటలు పడుతుంది. 0.1 మైక్రాన్ రేణువుకు దానికి నూరు రెట్లు, అంటే నాలుగు నెలల పైమాటే. పైగా రేణువులన్నీ రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అవి గుత్తులు కట్టాలంటే ఆ నెట్టుడు తగ్గాలి, లేదా పొడవాటి అణువు ఏదైనా వాటి మధ్య వంతెన వేయాలి.

మొక్కజొన్న స్టార్చ్‌ను 1 శాతం ఉడికించి, లీటరుకు 4 నుంచి 100 మి.గ్రా. దాకా వేసి చూశాను. మొదటి రోజు ఫలితం అదిరిపోయింది: 230 నుంచి 85కు పడింది. రెండు గంటల తరువాత, స్టార్చ్ వేయని బీకరు చూస్తే అదీ 88.

కారణం కుళాయి నీళ్లు. వాటిలోని కాల్షియమే సగం మట్టిని దించేసింది. స్టార్చ్ చేసిందేమీ లేదు.

మార్పులు:

1. కుళాయి నీళ్లు మానేసి డిస్టిల్డ్ నీళ్లు, లీటరుకు 84 మి.గ్రా. సోడియం బైకార్బొనేట్.
2. ప్రతి వరుసలో ఒక బీకరు తప్పనిసరిగా బ్లాంక్, అంటే స్టార్చ్ వేయనిది.
3. బీకరు వంచి నమూనా తీయడం బంద్. వంచితే దిగిన మట్టి లేస్తుంది. సిరంజికి సన్నని గొట్టం కట్టి, నీటిమట్టానికి 3 సెం.మీ. కింద నుంచి లాగాలి.

ఆ తరువాత బ్లాంక్ 205 వద్ద నిలబడింది. మామూలు స్టార్చ్ 4 మి.గ్రా. వేస్తే 201, 100 మి.గ్రా. వేస్తే 189. అంటే పని చేయలేదనే లెక్క. స్టార్చ్‌కు ఆవేశం లేదు, మట్టికి అంటుకునే కారణం దానికి పెద్దగా లేదు.

ఇప్పటిదాకా: బీకర్లు 18, స్టార్చ్ 5 గ్రా., పనికొచ్చిన ఫలితం 0.

దశ 2: బ్యాచ్ 1, బ్యాచ్ 2

స్టార్చ్ అంటే గ్లూకోజ్ యూనిట్ల గొలుసు. ఒక్కో యూనిట్ బరువు 162. ప్రతి యూనిట్ మీదా క్వాట్ అంటుకోగల చోట్లు మూడు. సగటున ఒక యూనిట్‌కు ఎన్ని అంటుకున్నాయో చెప్పే అంకెను ప్రతిక్షేపణ స్థాయి అంటారు, పొట్టిగా డీ.ఎస్. నూరు యూనిట్లకు ఐదు అంటుకుంటే డీ.ఎస్. 0.05. ఈ డైరీ అంతా ఈ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది.

లెక్క: స్టార్చ్ 50 గ్రా. తీసుకున్నాను. 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి చూస్తే 12 శాతం తేమ. అంటే పొడి స్టార్చ్ 44 గ్రా., 0.27 మోల్. యూనిట్‌కు 0.07 మోల్ చొప్పున క్వాట్ 0.019 మోల్. 65 శాతం ద్రావణంలో ఇది 5.5 గ్రా. సోడియం హైడ్రాక్సైడ్ దానికి రెట్టింపు మోల్స్, 1.5 గ్రా. అందులో సగం క్వాట్‌ను ఎపాక్సైడ్‌గా మార్చడానికి ఖర్చవుతుంది, మిగతా సగం స్టార్చ్‌ను చురుకు చేయడానికి.

బ్యాచ్ 1 పది నిమిషాల్లో పోయింది. హైడ్రాక్సైడ్‌ను 5 మి.లీ. నీళ్లలో కరిగించి ఒక్కసారే పోశాను. గాఢ క్షారం తగిలిన చోట స్టార్చ్ చల్లగా ఉన్నా ఉడికినట్టే అయిపోతుంది. గంజి ముద్ద స్టిర్రర్‌కు చుట్టుకుని మోటారు ఆగిపోయింది. బీకరు కడగడానికి పట్టిన సమయం రియాక్షన్‌కు పట్టలేదు.

బ్యాచ్ 2 ఇలా:

1. నీళ్లు 80 మి.లీ., ఉప్పు 15 గ్రా. కరిగించాలి. ఉప్పు ఉంటే స్టార్చ్ గింజలు ఉబ్బవు.
2. స్టార్చ్ 50 గ్రా. కలిపి తిప్పుతూ 43 డిగ్రీలకు తేవాలి.
3. హైడ్రాక్సైడ్ 1.5 గ్రా. 30 మి.లీ. నీళ్లలో కరిగించి, 40 నిమిషాలపాటు చుక్కలుగా వేయాలి.
4. క్వాట్ 5.5 గ్రా. పది నిమిషాల్లో వేయాలి.
5. పీహెచ్ 11.5 దగ్గర, 43 డిగ్రీల వద్ద 18 గంటలు.
6. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 6కు దించి, వడకట్టి, కడిగి, 45 డిగ్రీల వద్ద ఆరబెట్టాలి.

ముద్ద కట్టలేదు. ఉప్పు కాపాడిందా, పలచని క్షారం కాపాడిందా అంటే చెప్పలేను, రెండూ ఒకేసారి మార్చాను. ఉష్ణోగ్రత మాత్రం గట్టిగా పట్టుకోండి. మొక్కజొన్న స్టార్చ్ మామూలు నీళ్లలో 62 డిగ్రీల దగ్గర ఉబ్బడం మొదలుపెడుతుంది, క్షారంలో ఇంకా ముందే. రాత్రి నా వాటర్ బాత్ 47కి ఎక్కింది, తెల్లారి చూస్తే గరిటెకు కొంచెం జిగురుగా తగిలింది. అక్కడితో బతికిపోయాను.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 2, స్టార్చ్ 105 గ్రా., క్వాట్ ద్రావణం 11 గ్రా., చేతిలో ఉన్న పొడి ఒక డబ్బా.

దశ 3: అబద్ధం చెప్పిన డీ.ఎస్.

నైట్రోజన్ కొలిచే సదుపాయం నాకు లేదు. కానీ అంటుకున్న ప్రతి క్వాట్ వెంట ఒక క్లోరైడ్ ఉంటుంది. ఆ క్లోరైడ్‌ను సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేస్తే చాలు. ఒక గ్రాము పొడికి క్లోరైడ్ మోల్స్ x అనుకుంటే, డీ.ఎస్. = 162x ÷ (1 − 151.6x).

పొడి 1 గ్రా. వేడినీళ్లలో కరిగించి, పొటాషియం క్రోమేట్ సూచికతో, 0.02 మోలార్ సిల్వర్ నైట్రేట్ పోశాను. 30.8 మి.లీ. పట్టింది. డీ.ఎస్. 0.11.

ఆ రోజు సంతోషంగానే ఇంటికెళ్లాను. రాత్రి భోజనం దగ్గర వెలిగింది: నేను పోసిందే 0.07 అయితే 0.11 ఎలా అంటుకుంటుంది?

ఉప్పు. నేనే వేసిన 15 గ్రాముల ఉప్పులో ఒక్కసారి కడిగితే పోనిది అక్కడే ఉంది. దానికి తోడు క్వాట్ ఎపాక్సైడ్‌గా మారేటప్పుడు వదిలే క్లోరైడ్, చివర్లో పోసిన ఆమ్లం తెచ్చిన క్లోరైడ్. ఇంకో దొంగ కూడా ఉంది. కొంత ఎపాక్సైడ్ స్టార్చ్‌ను వదిలేసి నీటితోనే కలిసి డయోల్‌గా మారుతుంది. దానికీ ఒక క్లోరైడ్ ఉంటుంది, నైట్రోజన్ కూడా ఉంటుంది. కాబట్టి నైట్రోజన్ కొలిచేవాళ్లు కూడా సరిగా కడగకపోతే ఇదే గుంటలో పడతారు.

అదే పొడిని మళ్లీ నీళ్లలో కలిపి వడకట్టడం ఐదుసార్లు చేశాను. వడకట్టిన నీళ్లలో ఒక చుక్క నైట్రిక్ ఆమ్లం, ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లబడకూడదు. నాలుగో కడుగు దాకా తెల్లబడుతూనే ఉంది. ఐదోసారి తరువాత డీ.ఎస్. 0.043. పోసిన క్వాట్‌లో 61 శాతమే అంటుకుంది.

మార్పు: బ్యాచ్ 3లో ఉప్పు బదులు సోడియం సల్ఫేట్ 15 గ్రా. గింజలను ఉబ్బకుండా అదీ ఆపుతుంది, క్లోరైడ్ లెక్కను పాడుచేయదు. మిగతాదంతా అదే. మూడు కడుగులకే నీళ్లు తెల్లబడటం ఆగింది. టైట్రేషన్ 13.0 మి.లీ., డీ.ఎస్. 0.044. రెండు బ్యాచ్‌లూ దగ్గర దగ్గరగా వచ్చాయి, అప్పుడు అంకె మీద నమ్మకం కుదిరింది.

రెండు చిన్న విషయాలు. క్వాట్ అంటించని స్టార్చ్‌ను కూడా అదే పద్ధతిలో టైట్రేట్ చేసి ఆ విలువను తీసేయండి. క్రోమేట్ విషం, ఆ నీళ్లను సింకులో పారబోయకుండా వేరే సీసాలో పట్టండి.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 3, స్టార్చ్ 155 గ్రా., క్వాట్ 16.5 గ్రా., నమ్మదగ్గ డీ.ఎస్. అంకెలు 2.

దశ 4: జార్ టెస్టులు

పద్ధతి: నిమిషానికి 150 చుట్లతో 1 నిమిషం, 35 చుట్లతో 15 నిమిషాలు, తరువాత ఆపేసి 20 నిమిషాలు.

మొదటి మూడు వరుసలు పారేశాను. ఆరు బీకర్లలో ఒకదాని తరువాత ఒకటి మందు వేసేసరికి నిమిషంన్నర గడిచింది. మొదటి బీకరు చివరిదానికంటే అంతసేపు ఎక్కువ తిరిగింది. ఒక చెక్కపట్టీకి ఆరు సిరంజిలు బిగించి, పైన మరో పట్టీతో అన్నీ ఒకేసారి నొక్కేలా చేశాక గొడవ తీరింది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన పరికరం అదే. అరగంట పని.

రెండో చిక్కు ఉడికించడం. ఈ డీ.ఎస్.లో పొడి చల్లనీళ్లలో కరగదు. 80 డిగ్రీల వద్ద పది నిమిషాలు ఉంచితే చూడటానికి బాగానే ఉంది, సన్నని జాలీలో వడపోస్తే ఉండలు మిగిలాయి. ఆ ఉండలను ఆరబెట్టి తూస్తే వేసిన పొడిలో ఐదో వంతు. అంటే 4 మి.గ్రా. వేశాననుకుని 3.2 వేస్తున్నాను. 95 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే జాలీ మీద ఏమీ మిగల్లేదు. ఉండలు విరగ్గొట్టడానికి ఒకసారి మిక్సీలో కూడా తిప్పి చూశాను. ద్రావణం అద్దంలా వచ్చింది, ఫలితం చెడింది: 24 ఎన్.టీ.యూ. రావాల్సిన చోట 47. ఆ వేగానికి గొలుసులు తెగుతాయి. తెగిన గొలుసు రెండు రేణువుల మధ్య వంతెన వేయలేదు.

సరిగ్గా ఉడికించిన బ్యాచ్ 3 ఫలితాలు, లీటరుకు మి.గ్రా. మోతాదు, మిగిలిన ఎన్.టీ.యూ.:

0 → 205
1 → 96
2 → 41
4 → 24
8 → 31
16 → 118

చివరి అంకె దగ్గర ఆగండి. ఎక్కువ వేస్తే ఎక్కువ తేరుతుందనుకుంటాం, ఇక్కడ తిరగబడింది. రేణువుల రుణావేశం రద్దయ్యేంత వేస్తే అవి కలుస్తాయి. దాటితే రేణువులన్నీ ధనావేశంతో నిండి మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇది చూడకుండా నేరుగా తొట్టెలో మందు వేసి, తేరలేదని ఇంకాస్త వేస్తే నీళ్లు ఎప్పటికీ తేరవు.

పోలిక కోసం పటిక కూడా పెట్టాను. 30 మి.గ్రా.కు 6 ఎన్.టీ.యూ. నా స్టార్చ్ కంటే చాలా మేలు, దాపరికమేమీ లేదు. పీహెచ్ మాత్రం 7.4 నుంచి 6.8కి పడింది. పటిక నీళ్లలోని బైకార్బొనేట్‌ను తినేస్తుంది కదా. మడ్డి పరిమాణంలో స్టార్చ్ గెలిచింది. లీటరు నీళ్లను శంకువులో అరగంట ఉంచితే పటిక మడ్డి 9 మి.లీ., స్టార్చ్ మడ్డి 4 మి.లీ. మిత్రుడికి కావలసింది మట్టే కాబట్టి మాకు ఈ రెండో అంకె ముఖ్యం.

ఇప్పటిదాకా: బీకర్లు 78, పారేసినవి అందులో 18.

దశ 5: డీ.ఎస్. పెంచడం, రెండు బ్యాచ్‌ల నష్టం

24 దగ్గర ఆగిపోయింది కాబట్టి ఆవేశం పెంచాలనుకున్నాను. నీళ్లలో చేసే పద్ధతిలో డీ.ఎస్. 0.1 దాటించడం కష్టం. అంతకంటే ఎక్కువ అంటుకునే కొద్దీ గింజలు చల్లనీళ్లలోనే ఉబ్బి వడకట్టనివ్వవు. అందుకే ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లో చేశాను.

స్టార్చ్ 40 గ్రా., యూనిట్‌కు 0.30 మోల్ చొప్పున క్వాట్ ద్రావణం 18.9 గ్రా., హైడ్రాక్సైడ్ 3.3 గ్రా.

బ్యాచ్ 4: ఐసోప్రొపనాల్ 40 మి.లీ. మాత్రమే పోశాను, నీళ్లు ఎక్కువయ్యాయి. పైగా తొందరగా అవుతుందని 60 డిగ్రీలు పెట్టాను. గంటకు బంతిలా ముద్దయింది. కత్తితో కోయాల్సి వచ్చింది.

బ్యాచ్ 5: ఐసోప్రొపనాల్ 80 మి.లీ., 50 డిగ్రీలు, 7 గంటలు. పొడిపొడిగా, ముచ్చటగా వచ్చింది. ఆ తరువాత అలవాటు ప్రకారం మామూలు నీళ్లతో కడిగాను. ఫిల్టర్ పేపర్ మీదే జిగురైపోయింది. ఈ డీ.ఎస్.లో స్టార్చ్ చల్లనీళ్లకే కరుగుతుంది, అది తెలిసీ చేతులు పాత దారినే పోయాయి. ఏడు గంటల పని ఏడు సెకన్లలో పోయింది.

బ్యాచ్ 6: బ్యాచ్ 5 లాగే చేసి, 80 శాతం ఐసోప్రొపనాల్‌తో ఆరుసార్లు కడిగాను. 36 గ్రా. పొడి చేతికొచ్చింది. డీ.ఎస్. 0.19, అంటే ఇక్కడ 63 శాతం అంటుకుంది. ఐసోప్రొపనాల్ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు, వేడికి వాటర్ బాత్ తప్ప వేరే దారి వద్దు.

ఫలితాలు:

0.5 → 52
1 → 14
1.5 → 11
2 → 27
4 → 126

11 దాకా వచ్చిందని ఆనందమే. కానీ 2 దాటితే వెంటనే చెడిపోతోంది. పాతది 2 నుంచి 8 దాకా ఎలా వేసినా సర్దుకుపోయేది. కొత్తది మొండిదనుకుని రెండు రోజులు బెంగపెట్టుకున్నాను. తరువాత రెండు పట్టికలనూ బరువులో కాకుండా ఆవేశంలో రాసి చూశాను. బ్యాచ్ 3 ఒక మి.గ్రా.కు 0.26 మైక్రో ఈక్వివలెంట్లు (అంటే అన్ని మైక్రోమోల్ ధనావేశాలు) మోస్తుంది, బ్యాచ్ 6 దాదాపు 1.0. అలా రాస్తే:

బ్యాచ్ 3: మంచి మోతాదు 4 మి.గ్రా., ఆవేశం 1.0
బ్యాచ్ 6: మంచి మోతాదు 1 నుంచి 1.5 మి.గ్రా., ఆవేశం 1.0 నుంచి 1.5
బ్యాచ్ 3 చెడిన చోటు: 16 మి.గ్రా., ఆవేశం 4.2
బ్యాచ్ 6 చెడిన చోటు: 4 మి.గ్రా., ఆవేశం 4.0

రెండూ ఒకటే. మట్టికి తెలిసేది ఆవేశమే, మన త్రాసులోని బరువు దానికి పట్టదు. సర్దుబాటు జాగా రెండింటికీ సమానమే, కాకపోతే డీ.ఎస్. ఎక్కువైతే మన చేతి పొరపాటు నాలుగు రెట్లయి తగులుతుంది. తొట్టెలో లోటాతో మందు వేసే మనిషికి తక్కువ డీ.ఎస్. స్టార్చే క్షేమం. నేను ఎక్కువ డీ.ఎస్.నే కొనసాగించాను. చల్లనీళ్లలో కరుగుతుంది, షెడ్డులో పొయ్యి వెలిగించి అరగంట ఉడికించే ఓపిక ఎవరికీ లేదు.

ఇప్పటిదాకా: బ్యాచ్‌లు 6, స్టార్చ్ 275 గ్రా., క్వాట్ 73 గ్రా., బీకర్లు 114.

దశ 6: షెడ్డు నీళ్లు

అసలు తొట్టె నీళ్లు తెచ్చాను. మీటరు పరిధి దాటిపోయింది. ఆరబెట్టి తూస్తే లీటరుకు 3.2 గ్రా. మట్టి. కేయోలిన్ లెక్క ప్రకారం గ్రాము మట్టికి 4 మైక్రో ఈక్వివలెంట్లు, అంటే 13 మి.గ్రా. స్టార్చ్ చాలాలి.

13 వేశాను, ఏమీ కాలేదు. 20, 30, 40. ఏమీ కాలేదు. తెల్లటి పాలలా అలాగే ఉంది.

పీహెచ్ చూస్తే 9.6. మిత్రుడికి ఫోన్ చేసి, మట్టిలో ఏం కలుపుతున్నావని అడిగితే తాపీగా చెప్పాడు: అచ్చుల్లో పోసే స్లిప్ (నీళ్లలో కలిపిన మట్టి ద్రవం) పలచగా జారాలని సోడియం సిలికేట్ కలుపుతారట. అంటే రేణువులు ఒకదానికొకటి అంటుకోకూడదనే మందు వేసిన నీళ్లను నేను అంటించబోతున్నాను. సిలికేట్ రేణువుల అంచులకు పట్టి వాటి రుణావేశం పెంచుతుంది, నీళ్లలో మిగిలింది నా స్టార్చ్‌ను మధ్యలోనే పట్టేసుకుంటుంది. ఈ ప్రశ్న నేను మొదటి రోజే అడగాల్సింది.

ప్రయత్నించినవి:

1. ఆమ్లంతో పీహెచ్ 7కు దించడం. కొంత కదలిక వచ్చింది, 30 మి.గ్రా. స్టార్చ్‌తో 410 ఎన్.టీ.యూ. చాలదు.
2. కాల్షియం క్లోరైడ్, రెండు నీటి అణువులున్న రకం, లీటరుకు 294 మి.గ్రా. వేసి ఐదు నిమిషాలు తిప్పి, తరువాత స్టార్చ్. 13 మి.గ్రా.కు 95, 24 మి.గ్రా.కు 18, 40 మి.గ్రా.కు 60.
3. కాల్షియం ఒక్కటే, స్టార్చ్ లేకుండా: 380.
4. వరుస తిప్పి ముందు స్టార్చ్, తరువాత కాల్షియం: 24 మి.గ్రా.కు 140. కాబట్టి కాల్షియమే ముందు.

24 అన్నది నా అంచనాకు దాదాపు రెట్టింపు. పింగాణీ మట్టిలో బాల్ క్లే కలుస్తుంది, దాని రేణువులు కేయోలిన్ కంటే సన్నం. అదే బరువుకు ఉపరితలం ఎక్కువ, ఆవేశం ఎక్కువ.

18 ఎన్.టీ.యూ. నీళ్లు చూసి మిత్రుడు మెచ్చుకున్నాడు. వారం తరువాత ఫోన్: "నీళ్లు అద్దంలా ఉన్నాయి గానీ, వాటితో కలిపితే స్లిప్ పెరుగులా గడ్డకట్టిందిరా." నేను వేసిన కాల్షియం తేటనీళ్లలోనే ఉంది. సిలికేట్ పనిని అది ఎలా చెడగొట్టి మట్టిని దించిందో, కొత్త స్లిప్‌లోనూ అలాగే చెడగొట్టింది. నాకు మందు, అతనికి విషం.

ఇప్పటిదాకా: బీకర్లు 168, పాడైన స్లిప్ ఒక బక్కెట్.

దశ 7: గొట్టం మార్చాం

కాల్షియం లేకుండా సిలికేట్‌ను గెలిచే దారి కోసం ఇంకో నెల కూర్చునేవాణ్ణేమో. షెడ్డుకు వెళ్లి చూస్తే జవాబు నేల మీద ఉంది. చక్రం మీద పాత్రలు చేసే చోటి నీళ్లు, అచ్చుల చోటి నీళ్లు ఒకే కాలువలో కలుస్తున్నాయి. చక్రం మట్టిలో సిలికేట్ ఉండదు. ఒక అడ్డుకట్ట, రెండు మీటర్ల గొట్టంతో రెండింటినీ వేరు చేశాం. అచ్చుల నీళ్లు తక్కువే, వాటిని తేర్చకుండా తరువాతి స్లిప్‌లో కలిపేస్తున్నాడు.

చక్రం నీళ్లు: లీటరుకు 2.9 గ్రా. మట్టి, పీహెచ్ 7.6. కాల్షియం వేయకుండా బ్యాచ్ 6 స్టార్చ్ 18 మి.గ్రా.కు 21 ఎన్.టీ.యూ.

200 లీటర్ల డ్రమ్ముకు ఇప్పుడు చేస్తున్నది:

1. పొడి 3.6 గ్రా. తీసుకుని 360 మి.లీ. చల్లనీళ్లలో, తిప్పుతూ కొద్దికొద్దిగా చల్లాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది.
2. అరగంట ఆగి, జాలీలో వడపోయాలి.
3. డ్రమ్ములో తెడ్డు గట్టిగా తిప్పుతూ, ద్రావణం సన్నగా పోయాలి. ఒక నిమిషం.
4. తరువాత పది నిమిషాలు మెల్లగా. గుత్తులు కంటికి కనిపించాక గట్టిగా తిప్పితే విరుగుతాయి, మళ్లీ సరిగా కలవవు.
5. గంట ఆగి పై నీళ్లు తోడుకోవాలి.

డ్రమ్ములో 30 నుంచి 40 ఎన్.టీ.యూ. వస్తోంది, బీకరులో వచ్చిన 21 ఒక్కసారీ రాలేదు. తెడ్డు తిప్పేది మనిషి, మోటారు కాదు. చేతులు, బల్లలు కడగడానికి ఆ మాత్రం చాలు.

ద్రావణం నిల్వ ఉండదు. 1 శాతం ద్రావణాన్ని ఐదు రోజులు ఉంచితే పీహెచ్ 6.4 నుంచి 4.9కి పడింది, పిపెట్ లోంచి కారే సమయం 48 సెకన్ల నుంచి 31కి తగ్గింది. సూక్ష్మజీవులు గొలుసులను కొరికేస్తున్నాయి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. దిగిన మట్టి కూడా పది రోజులకు పుల్లటి వాసన కొడుతుంది. మిత్రుడు పట్టించుకోలేదు, మాగిన మట్టి చేతికి ఇంకా బాగా సాగుతుందంటాడు.

తోడిన నీళ్లు చివరకు కాలువలో పోతే స్టార్చ్ వల్ల భారమెంత అని కూడా లెక్కేశాను. గ్రాము స్టార్చ్ పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే 1.19 గ్రా. ఆక్సిజన్ కావాలి. 18 మి.గ్రా. అంతా నీళ్లలోనే మిగిలిందనుకున్నా లీటరుకు 21 మి.గ్రా. అందులో ఎక్కువ భాగం మట్టికి అంటుకుని అడుగుకే పోతుంది.

ఇప్పటిదాకా: బీకర్లు 192, డ్రమ్ములు 5. బ్యాచ్ 6 పొడిలో డ్రమ్ములకు 18 గ్రా., టెస్టులకు 5 గ్రా. పోగా 13 గ్రా. మిగిలింది. ఇంకో మూడు డ్రమ్ములకు వస్తుంది. బ్యాచ్ 7కు ఐసోప్రొపనాల్ 80 మి.లీ., కడగడానికి అదే, నీళ్ల సీసా వేరే బల్ల మీద.